పదహారు శనివారాలు

ఆ ఏడు మే నెల రెండో శుక్రవారం, మూసేయదలచిన సైనిక స్థావరాల జాబితా బయటికొచ్చింది. సెయింట్ లియాన్ డిపో పేరు అందులో ఉందని రేడియో చెప్పేసరికి ఓడిల్ సిర్ పెనం మీద ప్లాయ్ అట్టు పోస్తోంది. ప్లాయ్‌ని ఒకవైపే కాల్చాలి, తిరగేయకూడదు. ఆ పూట ఓడిల్ తిరగేసింది. ముప్పయ్యేళ్ళ కాపురంలో అదే మొదటిసారి. మొగుడు రోజేర్ ఆ అట్టు వంక చూశాడు, రేడియో వంక చూశాడు, అట్టు తినేసి పనికి వెళ్ళాడు. అతను ఆ డిపోలోనే బ్రేకుల సెక్షన్‌కి ఫోర్‌మన్. యుద్ధం నుంచి విరిగొచ్చిన సైన్యం బండ్లు అక్కడ బాగుపడి మళ్ళీ వెళ్తాయి. ఆ పని మీద ఊళ్ళో మూడువందల ఎనభై కుటుంబాలు బతుకుతున్నాయి. మిగతావాళ్ళు బంగాళదుంపల మీద బతుకుతున్నారు. చాలామంది రెంటి మీదా బతుకుతున్నారు.

పన్నెండేళ్ళ కిందట పక్క జిల్లాలో విమానాల స్థావరం మూతపడినప్పుడు అమెరికా ఈశాన్య మూలనున్న మెయిన్ రాష్ట్రపు ప్రభుత్వం ఆ సంగతి అందరితోపాటు పేపర్లో చదువుకుంది. ఈసారి అలా జరగకూడదని రెండేళ్ళ ముందే ఒక సంఘం వేసింది. ఆ సంఘానికి ఉపసంఘం వేసింది. రిటైరైన జనరళ్ళను ఇద్దరిని సలహాకి పెట్టుకుంది. డిపోకి వెళ్ళే రోడ్డు వెడల్పు చేస్తామని శాసనసభలో తీర్మానం కూడా చేసింది. జాబితా వచ్చిన పదో రోజుకల్లా రాజధాని ఆగస్టా నుంచి విన్నిఫ్రెడ్ స్ప్రేగ్ అనే అధికారిణిని ఊళ్ళోకి దింపింది. ఆవిడకి యాభై ఉంటాయి. మంచు కరిగి ఊరంతా బురదగా ఉండే మే నెలలో ఎత్తు మడమల జోళ్ళతో కారు దిగింది. ఊరు అప్పటికప్పుడే ఆవిడ మీద ఓ అభిప్రాయానికి వచ్చేసింది. అది తప్పని ఒప్పుకోడానికి ఆగస్టు దాకా పట్టింది.

చర్చి హాల్లో మీటింగు పెట్టి ఆవిడ చెప్పిన సంగతి సూటిగానే ఉంది. జాబితా ఇంకా ఖాయం కాలేదు. తొమ్మిదిమంది కమిషనర్లు దాన్ని పరిశీలిస్తారు, ఒకాయన ఇక్కడికి వచ్చి చూస్తాడు, ఆగస్టు చివర వాషింగ్టన్‌లో ఓటేస్తారు.

"వాళ్ళ ముందు ఏడ్చి లాభం లేదండీ. ప్రతి ఊరూ ఏడుస్తుంది, వాళ్ళకి అలవాటైపోయింది. రక్షణశాఖ లెక్క తప్పని మనం చూపించాలి. తప్పని తేలితే పేరు కొట్టేస్తారు. దారి అదొక్కటే."

వెనక వరుసలోంచి క్లోతిల్డ్ లేచింది. రోజేర్ అక్కయ్య, ఓడిల్‌కి వదిన. పోస్టాఫీసులో పాతికేళ్ళు పనిచేసినందువల్ల ఎవరి గుట్టైనా కవరు చూసి చెప్పగలనని ఆవిడ నమ్మకం.

"మూసేస్తే ఏం చేస్తారో అది కూడా రాసుకొచ్చారా, మేడమ్?"

"ఆ ప్రశ్న నాకు వినపడలేదండీ."

"గట్టిగా అడగమంటారా?"

"ఎంత గట్టిగా అడిగినా వినపడదు," అంది స్ప్రేగ్. "మూతకి మనం సిద్ధంగా ఉన్నామని కమిషన్ చెవిన పడిందనుకోండి, మూసేయడం వాళ్ళకి సులువైపోతుంది. కాబట్టి రాష్ట్రం ఏం సిద్ధం చేసుకుందో నాకు తెలీదు. నా కారు డిక్కీలో ఏముందో కూడా నాకు తెలీదు."

హాలంతా నవ్వింది. ఓడిల్ మాత్రం ఈవిడ పనికొస్తుందనుకుంది. మడమల సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఆ మర్నాటి సాయంత్రం స్ప్రేగ్ ఓడిల్ వంటింట్లో కూర్చుని ఉంది. బల్ల మీద ఒక కాగితం పెట్టి రోజేర్ వైపు జరిపింది. రక్షణశాఖ లెక్కలో డిపోని ముంచింది ఒకే ఒక్క అంకె. ఏడాదిలో పనివాళ్ళు నాలుగింట మూడొంతులకన్నా తక్కువ ఉన్న పనిరోజులెన్ని అని ఫారంలో ఒక గడి ఉంది. దేశంలో తక్కిన డిపోలన్నీ అక్కడ సున్నా వేశాయి. సెయింట్ లియాన్ పదహారు వేసింది. ఆ ఫారం నింపి సంతకం చేసింది రోజేర్ సిర్.

"అది దుంపలు తీసే రోజులండీ," అన్నాడు రోజేర్. "సెప్టెంబరులో మూడువారాలు, పైన ఒక రోజు. బడే మూసేస్తారు. సగంమంది పొలాల్లో ఉంటారు."

"తెలుసండీ. కానీ అది సెలవు కిందకి వస్తుందో, గైర్హాజరు కిందకి వస్తుందో అక్కడి రాతలో స్పష్టంగా లేదు. 'అర్థంకాక పొరపాటుగా వేశాను' అని మీరు ఒక్క ముక్క రాసిస్తే అంకె చెల్లదు. లెక్క తప్పినట్టే. మా లాయర్లు చూసే చెప్పారు."

"నాకు అర్థమయ్యే వేశాను కదండీ."

"ఆ సంగతి మీకూ నాకూ తెలుసు."

"ఓడిల్‌కీ తెలిసిపోయిందిగా ఇప్పుడు," అన్నాడు రోజేర్. "ఆలోచించుకుంటాను." అని లేచి కొట్టంలోకి వెళ్ళిపోయాడు. కాసేపటికి రంపం పళ్ళు అరగదీస్తున్న చప్పుడు వినిపించింది. రోజేర్ ఆలోచిస్తే ఇంట్లో పనిముట్లన్నీ పదునెక్కుతాయి.

జూన్ నెలంతా ఆ ఇంట్లో కూరగాయలు కోసే కత్తితో సహా అన్నీ వేలు తెగేంత పదునుగా ఉన్నాయి. కాగితం సంగతి మూడోరోజుకే ఊరంతా తెలిసింది. ఎవరూ పైకి ఏమీ అనలేదు. ఆ ఊరివాళ్ళు పైకి అనరు, ఇంటికి పై అనే పండ్ల రొట్టె చేసుకొస్తారు. స్ట్రాబెరీ పై తెచ్చినవాళ్ళు ముగ్గురు. ఎదురింటి లాసెట్ తన పై బల్ల మీద పెడుతూ, "మావాడు ఇల్లు కట్టడం మొదలెట్టాడు ఓడిల్, పునాది పడింది. ఒక్క సంతకమే కదా," అని, ఆ మాట తను అన్నట్టు తనకే తెలియనట్టు వెళ్ళిపోయింది.

క్లోతిల్డ్ మాత్రం పై తేలేదు.

"మా తమ్ముడు చిన్నప్పుడు ఫాదర్ దగ్గర తప్పులు ఒప్పుకోడానికి వెళ్ళి, పక్కవాడి తప్పులు కూడా చెప్పొచ్చేవాడు. వాడి చేత అబద్ధం రాయించడం నీ వల్ల కాదు, నా వల్లా కాదు. అయితే మూడువందల ఎనభైమంది కూడా నీ మొగుడి నోటి మాటతోనే రోడ్డున పడతారు కదమ్మా. ఏం చేద్దామంటావ్?"

"నాకు తెలిస్తే ఇన్ని పైలు నేనొక్కదాన్నే తింటూ కూర్చుంటానా వదినా?"

ఆ రాత్రి భోజనాల దగ్గర ఓడిల్ నేరుగా అడిగేసింది. "ఏమయ్యా, ఆ కాగితం మీద సంతకం చేస్తావా, చెయ్యవా? చెయ్యమని అనడంలేదు. తెలిస్తే నా నిద్ర నేను పోతాను."

రోజేర్ చాలాసేపు రొట్టె ముక్కకి వెన్న రాశాడు.

"నేను ఒక్కో బండి మీద సంతకం పెడతాను, ఓడిల్. బ్రేకు ఇంత మందం ఉంది, ఇంత ఒత్తిడికి ఆగుతుంది అని అంకె వేసి సంతకం పెడతాను. ముప్పై ఒక్క ఏళ్ళు. ఎక్కడో కొండ దిగుతున్న పిల్లాడొకడు ఆ అంకెని నమ్మి బ్రేకు తొక్కుతాడు. రోజేర్ సిర్ తనకి కావలసినప్పుడు తప్పు అంకె వేస్తాడని నేనే రాసిస్తే, ఆ బండ్లన్నీ ఏమవుతాయి?"

ఓడిల్ లేచి బల్ల సర్దింది. గిన్నెలు తీస్తున్నప్పుడు ఆమెకి రెండు విషయాలు తెలిశాయి. ఇలాంటి మనిషిని చేసుకున్నందుకు తనకి పట్టరానంత గర్వంగా ఉంది. ఇలాంటి మనిషిని చేసుకున్నందుకు ఊళ్ళోవాళ్ళు తన పుట్టింటిదాకా వెళ్ళి తిడతారు. రెండూ ఒకదానికొకటి అడ్డం రాకుండా కడుపులో సర్దుకుని పడుకుంది.

జూలై మధ్యలో స్ప్రేగ్ మళ్ళీ వచ్చింది. ఈసారి కాళ్ళకి రబ్బరు బూట్లున్నాయి. కమిషనర్ వచ్చే తేదీ ఖాయం కావాలి. ఆయన ఒక రిటైర్డ్ అడ్మిరల్, పేరు హాలొవెల్. ఆగస్టు రెండు మంగళవారం గాని, ఆరు శనివారం గాని ఇవ్వగలనన్నాడు.

"మంగళవారమే చెప్పేస్తున్నాను. శనివారం డిపోలో ఎవరుంటారు, ఈగలు తప్ప," అంది కాఫీ తాగుతూ.

ఓడిల్ చేతిలో బంగాళదుంప ఆగింది. "ఎవరూ ఉండరని ఎవరన్నారండీ?"

"శనివారం కదండీ."

"శనివారమైతే? సెప్టెంబరులో పొలాలకి వెళ్ళాలంటే ముందు శనివారాలు పని చెయ్యొద్దూ? మే చివర్లో మొదలెడతారు. పదహారు శనివారాలు. దుంపల రోజులొచ్చేలోపు ఆ ఏటి బండ్లన్నీ పంపించేసి మరీ వెళ్తారు. మా మామగారి రోజులనుంచీ అంతే."

స్ప్రేగ్ కప్పు కింద పెట్టింది. చాలా నెమ్మదిగా పెట్టింది, పగులుతుందేమో అన్నట్టు. "అది ఫారంలో ఎందుకు రాయలేదండీ?"

కొట్టంలోంచి వస్తున్న రోజేర్‌ని ఓడిల్ పిలిచి అదే ప్రశ్న అడిగింది. అతను ఆశ్చర్యపోయాడు.

"తక్కువమంది ఉన్న రోజులెన్ని అని అడిగారు. ఎక్కువగా పనిచేసిన రోజులెన్ని అని ఎక్కడా గడి లేదు."

"ఎవరికైనా నోటితోనైనా చెప్పొచ్చు కదండీ."

"ఏమని? శనివారం పనిచేస్తామనా? అది కూడా ఒకళ్ళకి చెప్పుకునే విషయమేనా?"

స్ప్రేగ్ రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఏడుస్తోందనుకుని ఓడిల్ కంగారుపడింది. నవ్వుతోంది. ఇద్దరు జనరళ్ళు, ఒక సంఘం, ఒక ఉపసంఘం రెండేళ్ళుగా గాలించిన సంగతి ఈ వంటింట్లో దుంపల తొక్కల మధ్య పడి ఉంది. ఈ ఊరివాళ్ళకి అది చెప్పదగ్గ సంగతని తోచనే లేదు.

"అయితే రేపే ఒక నివేదిక రాసి పంపిస్తాను," అంది తేరుకుని.

"రాయండి. ఆయనకి అలాంటివి రోజుకి ఎన్నొస్తాయి?" అంది ఓడిల్.

"ఓ అరవై."

"అయితే శనివారం రమ్మనండి."

స్ప్రేగ్ శనివారానికి ఒప్పుకుంది గానీ, రాష్ట్రప్రభుత్వపు పద్ధతి మానుకోలేదు. కమిషనర్ వచ్చే ఊళ్ళో విమానాశ్రయం నుంచి గేటు దాకా జనం ఒకే రంగు చొక్కాలతో రోడ్డుకి రెండు పక్కలా నిలబడాలి. అన్ని రాష్ట్రాలూ అదే చేస్తున్నాయి. పక్క రాష్ట్రంలో ఐదువేలమంది నిలబడ్డారట. చర్చి హాల్లోకి మూడువేల పసుపు చొక్కాలు అట్టపెట్టెల్లో దిగాయి.

"డిపోవాళ్ళు ఓ గంట బయటికొచ్చి నిలబడితే చాలండీ. వాళ్ళ వెనక మిగతా ఊరు," అంది రోజేర్‌తో.

"గంట బయట నిలబడితే నాలుగు బండ్లు ఆగిపోతాయి."

"ఒక్క గంటేనండీ."

"అవును. నాలుగు బండ్లు."

స్ప్రేగ్ ఓడిల్ వైపు తిరిగింది. "మీరైనా చెప్పండి. ఊరంతా వస్తుందా, రాదా?"

"మీరు మీ పని చూసుకోండి మేడమ్. ఆ రోజు మేం చెయ్యాల్సింది మేం చేస్తాం," అంది ఓడిల్, ఎంతో వినయంగా. ఆమె అంత వినయంగా ఉందంటే ఏదో ఉందని క్లోతిల్డ్‌కి తెలుసు. పాపం స్ప్రేగ్‌కి తెలీదు.

ఆగస్టు ఆరు శనివారం పొద్దున తొమ్మిదిన్నరకి అడ్మిరల్ హాలొవెల్ విమానం దిగాడు. స్ప్రేగ్ ఆయన్ని కారెక్కించుకుని బయల్దేరింది. మొదటి మైలు దాటింది, రోడ్డు మీద ఎవరూ లేరు. రెండో మైలు దాటింది, దుంపల చేలు తెల్లగా పూసి ఉన్నాయి, మనిషన్నవాడు లేడు. మూడో మైలు దగ్గర పసుపు చొక్కా కనిపించిందని ఆవిడ ప్రాణం లేచొచ్చింది. తీరా చూస్తే ఎవరో దిష్టిబొమ్మకి తొడిగారు. అడ్మిరల్ కిటికీలోంచి చూసి, "ఇక్కడ నాకు స్వాగతం చెప్పడానికి వచ్చిన మొదటి మనిషి ఈయనేనా?" అన్నాడు. ఆ నాలుగు మైళ్ళలో తన ఉద్యోగం పోయినట్టేనని స్ప్రేగ్ రెండుసార్లు అనుకున్నానని తర్వాత ఓడిల్‌తో చెప్పింది.

గేటు దగ్గర మలుపు తిరిగేసరికి బండ్లు ఆపే స్థలం కిక్కిరిసి ఉంది. మూడువందలకి పైగా కార్లు, పికప్ బండ్లు. లోపల్నుంచి సుత్తుల చప్పుడు, గాలి యంత్రాల హోరు. గేటుకి పక్కగా నేలలో తవ్విన గోతుల్లోంచి ముందురోజు సాయంత్రం పూడ్చిపెట్టిన ఇనుప కుండల్ని ఆడవాళ్ళు పైకి తీస్తున్నారు. శనివారమంటే ఆ ఊళ్ళో నిప్పుల గోతిలో రాత్రంతా ఉడికిన బీన్స్. చేతులు కాలకుండా ఒక్కొక్కరూ నాలుగేసి పసుపు చొక్కాలు మడతపెట్టి పట్టుకున్నారు.

"చాలా మంచి గుడ్డ, మేడమ్," అంది క్లోతిల్డ్ స్ప్రేగ్‌తో. "మందంగా ఉంది."

అడ్మిరల్ అక్కడ ఆగలేదు. తిన్నగా లోపలికి నడిచాడు. వరుసలు వరుసలుగా బండ్లు, వాటి కింద కాళ్ళు. ఎవరూ లేచి నిలబడలేదు, ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒకడు బండి కిందనుంచి, "కాస్త పక్కకి జరగండి సార్, మీ నీడ పడుతోంది," అన్నాడు. ఓడిల్ బీన్స్ పళ్ళెం పట్టుకుని వాళ్ళ వెనకే వెళ్ళింది. ఆమెని లోపలికి ఎవరూ పిలవలేదు, కానీ పళ్ళెం చేతిలో ఉన్న ఆడదాన్ని ఏ కావలివాడూ ఆపడు. అది ఆమె చిన్నప్పుడే కనిపెట్టింది.

బ్రేకుల సెక్షన్ దగ్గర అడ్మిరల్ జేబులోంచి కాగితం తీశాడు. రోజేర్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. స్ప్రేగ్ ఓడిల్ మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇప్పుడు అతను 'పొరపాటు' అంటే ఆవిడ లాయర్లు చెప్పినట్టు అంతా సరిపోతుంది. అనకపోతే ఏమవుతుందో ఎవరికీ తెలీదు.

"ఈ పదహారు మీరు వేసిందేనా?"

"అవును సార్."

"సరిగ్గానే వేశారా?"

లాసెట్ కొడుకు ఆ పక్క బండి కిందే ఉన్నాడు, వాడి సుత్తి చప్పుడు ఆగిపోయింది.

"సరిగ్గానే వేశాను సార్. పదహారు రోజులు మాలో సగంమంది ఇక్కడ ఉండరు."

"ఎక్కడుంటారు?"

"బంగాళదుంపల దగ్గర."

అడ్మిరల్ కాగితం మడిచాడు. "దక్షిణాదిన ఒక డిపో ఉంది. మీ పని అక్కడికే పోవాలని రాసి ఉంది. వాళ్ళు సున్నా వేశారు."

"వాళ్ళ సంగతి నాకు తెలీదు సార్."

"నేను మొన్న సోమవారం అక్కడికి వెళ్ళాను, సగంమంది పనిలో లేరు. ఆ రోజు చేపలు బాగా పడుతున్నాయట." ఆయన చుట్టూ చూశాడు. "ఇవాళ శనివారం కదా. మీవాళ్ళంతా ఏం చేస్తున్నారిక్కడ?"

"ఆ పదహారింట్లో ఇది పదకొండోది సార్," అన్నాడు రోజేర్. "దుంపల రోజులకి ముందే బాకీ తీర్చేస్తున్నాం. మిగిలినవి ఐదు."

సుత్తి చప్పుడు మళ్ళీ మొదలైంది. అడ్మిరల్ ఓడిల్ చేతిలోంచి పళ్ళెం అందుకుని, నిలబడే, బండి మడ్‌గార్డు మీద మోచెయ్యి ఆన్చి బీన్స్ తిన్నాడు. ప్లాయ్‌తో పళ్ళెం తుడిచి మరీ తిన్నాడు. స్ప్రేగ్ తయారుచేసిన నలభై పేజీల పుస్తకం తీసుకుని చంకలో పెట్టుకున్నాడు గానీ తెరవలేదు.

ఓటు ఆగస్టు నెల చివరి బుధవారం. చర్చి హాల్లో పెద్ద టీవీ పెట్టారు. పనివేళ కాబట్టి డిపోవాళ్ళు ఒక్కరూ లేరు. ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, బెంచీల మీద అటూ ఇటూ జారుతున్న పిల్లలు మాత్రం ఉన్నారు. స్ప్రేగ్ ఆగస్టా నుంచి ఐదుగంటలు కారు నడుపుకుంటూ వచ్చింది. గవర్నరు పక్కన కూర్చుని చూడమని ఆవిడని పిలిచారు. రానని చెప్పి ఇక్కడికొచ్చి క్లోతిల్డ్ పక్కన కూర్చుంది. క్లోతిల్డ్ తను కూర్చున్న దిండులో సగం ఆవిడకిచ్చింది. ఆ ఊళ్ళో అంతకన్నా పెద్ద మర్యాద లేదు.

రెండుంపావుకి సెయింట్ లియాన్ పేరు వచ్చింది. అడ్మిరల్ మైకు దగ్గరికి లాక్కున్నాడు.

"నేను ఇరవైరెండు స్థావరాలు చూశాను. ఇరవైఒక్కచోట నాకు చప్పట్లు కొట్టారు. ఒకచోట నా నీడ పడుతోంది పక్కకి జరగమన్నారు. అక్కడివాళ్ళు ఫారంలో తమకి నష్టమొచ్చే అంకె వేశారు, దాన్ని నా ఎదుట దిద్దుకోడానికి ఒప్పుకోలేదు. ఆ అంకె నిజం. అది చూశాక నాకు అనుమానమొచ్చింది మిగతా అందరి సున్నాల మీద. లెక్క తప్పింది ఈ ఊరిది కాదు, మనది. ఈ పేరు జాబితాలోంచి తీసెయ్యాలని నేను ప్రతిపాదిస్తున్నాను."

ఏడుగురు చేతులెత్తారు. ఇద్దరు ఎత్తలేదు.

హాల్లో లాసెట్ లేచి, ఓడిల్ దగ్గరికొచ్చి, ఆమె కోటు గుండీలు పెట్టడం మొదలెట్టింది, పసిపిల్లకి పెట్టినట్టు. ఆగస్టులో కోటు గుండీలు ఎందుకో ఇద్దరికీ తెలీదు. స్ప్రేగ్ మాత్రం బాహాటంగా ఏడ్చింది. క్లోతిల్డ్ ఆవిడ వీపు మీద పోస్టు ముద్ర వేసినట్టు నాలుగు చరుపులు చరిచింది.

ఓడిల్ కారు తీసుకుని డిపో గేటు దగ్గరికి వెళ్ళింది. లోపలికి కబురు చేరిందని కావలివాడి మొహంలోనే తెలుస్తోంది. రోజేర్ పరుగెత్తుకొస్తాడని ఆమె అనుకోలేదు గానీ, నడిచైనా వస్తాడనుకుంది. రాలేదు. రెండున్నరైంది, మూడైంది. మూడున్నరకి కూత కూశాకే అందరితోపాటు బయటికొచ్చాడు, రోజూలాగే అన్నం డబ్బా చేత పట్టుకుని. కారెక్కి తలుపు వేసుకున్నాడు.

"విన్నావా?" అంది ఓడిల్.

"విన్నాను."

"ఎప్పుడు?"

"రెండుంపావుకి."

"అయితే ఇంతసేపూ ఏం చేశావయ్యా?"

"ఒక ఇరుసు సగంలో ఉంది."

అతని చెవుల వెనక ఎర్రబడి ఉంది, కళ్ళు కూడా. ఓడిల్ అవి చూసీ చూడనట్టు కారు తీసింది. ఇంటికి నది పక్కన అడ్డదారి ఉంది, ఐదు నిమిషాలు. ముప్పయ్యేళ్ళుగా వాళ్ళు అదే దారిలో వెళ్తున్నారు. ఓడిల్ ఆ మలుపు దాటించేసి పెద్దవీధిలోకి తిప్పింది.

"ఇటెక్కడికి?" అన్నాడు రోజేర్.

"పాలు కొనాలి."

పాలు ఇంట్లో రెండు సీసాలున్నాయి. వీధికి రెండు పక్కలా దుకాణాల ముందు జనం అప్పుడే బయటికొచ్చి నిలబడుతున్నారు. ఓడిల్ గంటకి పది మైళ్ళకన్నా వేగం పెంచలేదు. రోజేర్ అన్నం డబ్బా ఒళ్ళో పెట్టుకుని, కిటికీలోంచి తనవైపు టోపీలు తీస్తున్న మనుషులకి ఏం చెయ్యాలో తెలియక, ఒక్కొక్కరికీ తల ఊపుతూ కూర్చున్నాడు. ఓడిల్ పాల దుకాణం కూడా దాటించేసి, వీధి చివరిదాకా వెళ్ళి, కారు వెనక్కి తిప్పి మళ్ళీ అదే వీధిలో తీసుకొచ్చింది.